ఎడమవైపు తోడు

ఆ ఏడు లైల్ హాల్వర్సన్ నెత్తిన పడ్డ లైనుని చూస్తే ఏ అమెరికన్ ఫుట్‌బాల్ కోచ్‌కైనా ఏడుపొస్తుంది. బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌కి ముందు గోడలా నిలబడి, మీదికొచ్చేవాళ్ళని ఆపాల్సినవాళ్ళు ఐదుగురు. వాళ్ళలో ఇద్దరు ఆగస్టులోనే మోకాళ్ళు పోగొట్టుకుని మూలనపడ్డారు. వాళ్ళ బదులు వచ్చిన ఒకడికి ఇంకా గడ్డమే సరిగ్గా మొలవలేదు. అన్నిటికన్నా కీలకమైన ఎడమ చివర, గత్యంతరం లేక, లైల్ సొంత కొడుకు నీల్స్‌నే నిలబెట్టారు. కుర్రాడు మంచివాడే. కష్టపడతాడు కూడా. కానీ ఆ చోటికి కావలసిన చురుకు ఆ కాళ్ళలో లేదు, ఏం చేస్తాం!

పేరుకి పెద్ద కోచ్ వేరే ఉన్నా, ఎప్పుడు ఏ ఎత్తు వెయ్యాలో చెప్పేది లైలే. లైనుకి బలం లేనప్పుడు బుర్ర వాడాలి, వాడాడు. బంతి చేతికి అందీ అందగానే విసిరెయ్యడం, ఎదుటివాళ్ళని కావాలనే మీదికి రానిచ్చి వాళ్ళ నెత్తి మీదుగా దాటించడం, పరుగులన్నీ కుడివైపుకే తియ్యడం. అయోవాలో ఆ మూలనున్న కాలేజీని ఎవరూ పట్టించుకోరు. అలాంటిది సగానికి పైగా ఆటలు గెలిచిందంటే అతని చలవే.

అక్టోబరులో ఒక్కసారి మాత్రం నీల్స్ కాలు జారింది. అతన్ని దాటుకొచ్చినవాడు క్వార్టర్‌బ్యాక్ టోబీని ఎత్తి నేలకేసి కొట్టాడు. టోబీకి రెండు పక్కటెముకలు చిట్లాయి. ఆసుపత్రిలో టోబీ వాళ్ళమ్మ లైల్‌ని పల్లెత్తు మాట అనలేదు. నాలుగు తిట్టినా బాగుండేదనిపించింది అతనికి.

ఆ తర్వాతే ‘తోడు’ పుట్టింది. మైదానం గీత బయట నిలబడి లైల్ తన ఎడమ భుజం మీద చెయ్యి వేసుకుంటాడు. టోబీ అది చూసి, జట్టుని గుండ్రంగా చేర్చి, ఎత్తు పేరు చెప్పి చివర్లో "తోడు" అంటాడు. అప్పుడు వెనక ఉండే కర్టిస్ తన పరుగు మానుకుని నీల్స్ పక్కన కాపు కాయాలి. ఆటలో ఎన్నిసార్లో, అందరూ వినేలా! ఫలానావాడు ఒంటరిగా పనికిరాడని మైకు పెట్టి చాటినట్టే కదా అది? లైల్‌కి మాత్రం ఆ సంగతి తట్టనేలేదు. కుర్రాళ్ళు ఊరుకుంటారా మరి?

"ఏరా నీల్స్, బాత్రూముకేనా? ఆగు, కర్టిస్‌ని పిలుస్తా."

"పెళ్ళయ్యాక కూడా వీడి గదిలో కర్టిస్ ఉండాల్సిందేరోయ్!"

నీల్స్ వాళ్ళతోపాటే నవ్వేవాడు. నవ్వుతున్నాడు కదా అని వాళ్ళు ఇంకా అనేవాళ్ళు.

నవంబరులో చివరి ఆట వచ్చింది. ఆఖరి సంవత్సరం కుర్రాళ్ళు ఆ రోజు అమ్మానాన్నలతో కలిసి మైదానంలోకి నడుస్తారు. నీల్స్‌కి ఒకపక్క తల్లి ఇన్‌గ్రిడ్, ఇంకోపక్క లైల్ నడిచారు. లైల్ నడుస్తున్నాడే గానీ, చూపంతా ఎదుటి జట్టులోని యాభై ఐదో నంబరువాడి మీదే ఉంది. వాడి భుజాలు తలుపంత వెడల్పున్నాయి.

"ఎక్కడ చూస్తున్నావయ్యా? ఫొటో తీసేవాడు ఇటున్నాడు" అని విసుక్కుంది ఇన్‌గ్రిడ్.

ఆట చివరికొచ్చేసరికి నాలుగు పాయింట్లు వెనకబడ్డారు. మిగిలింది ఒక్క ఎత్తుకి సరిపడా సమయం. ఇక చిన్న చిన్న విసుర్లతో పనికాదు. టోబీ బంతి పట్టుకుని నిలబడాలి, దూరంగా మూలకి విసరాలి. అంతసేపూ యాభై ఐదోవాణ్ణి ఆపాలి. విరామంలో నీల్స్ హెల్మెట్ తీసి తండ్రి దగ్గరికొచ్చాడు. మైదానంలో ఎన్నడూ ‘కోచ్’ అని తప్ప పిలవనివాడు.

"నాన్నా, కర్టిస్‌ని పంపకు. ఈ ఒక్కసారికి నన్ను వదిలెయ్. వాణ్ణి నేను ఆపుతా."

"ఇప్పుడా? ఇది సమయం కాదురా."

"మరి ఇంకెప్పుడు నాన్నా? నాకు ఇదే ఆఖరు."

లైల్ కొడుకు మొహం చూశాడు. టోబీ చొక్కా కింద ఉబ్బెత్తుగా కనబడుతున్న కట్టు చూశాడు. "సరే, పో" అన్నాడు. అన్నాడు గానీ, టోబీ ఇటు తిరగ్గానే ఎడమ భుజం మీద చెయ్యి వేసుకున్నాడు. అలవాటు కొద్దీ పడిందని తర్వాత తనకి తనే సర్దిచెప్పుకున్నాడు. అబద్ధం! తెలిసే వేశాడు.

బంతి కదిలింది. టోబీ ఆగాడు, ఇంకా ఆగాడు, విసిరాడు. లైల్ కళ్ళు బంతి వెంటే పోయాయి. మూలన ఒక పొడుగాటి కుర్రాడు ఎగిరి బంతిని గుండెకి హత్తుకుని గోలు గీత అవతల పడ్డాడు. గెలిచారు! జనం మైదానం మీద పడ్డారు. లైల్ ఆ గుంపులోంచి తోసుకుంటూ పోయి కర్టిస్‌ని వాటేసుకున్నాడు.

"నువ్వు లేకపోతే మావాడి పని అయిపోయేదిరా! టోబీని బతికించావు!"

"అది కాదు కోచ్, నేను..." అని కర్టిస్ ఏదో చెప్పబోయాడు. ఆ గోలలో ఎవరికి వినబడుతుంది? నీల్స్‌ మాత్రం పక్కనే ఉన్నాడు, తండ్రి మాటలు విన్నాడు. తల వంచుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు ఆదివారం. ఆదివారాలు ఇన్‌గ్రిడ్ చర్చికి పోతే, లైల్ ముందురోజు ఆట చూసుకోవడానికి వీడియో గదికి పోతాడు. ఆఖరి ఆట ఆడేసినవాళ్ళకి అక్కడ పనిలేదు కనుక నీల్స్ రాలేదు. లైల్ కాఫీ పెట్టుకుని ఆ ఆఖరి ఎత్తు చూశాడు. చూసి, వెనక్కి తిప్పి మళ్ళీ చూశాడు. కర్టిస్ ఎడమవైపుకి రానేలేదు. కుడివైపు పరుగెత్తి ఖాళీగా నిలబడ్డాడు. ఎడమ చివర నీల్స్ ఒక్కడే. యాభై ఐదోవాడు అతన్ని వెనక్కి తోస్తున్నాడు, పక్కకి లాగుతున్నాడు, మెడ మీద మోచెయ్యి పెట్టి నొక్కుతున్నాడు. నీల్స్ ఒక మోకాలు నేలకి తగిలేదాకా వంగాడు, మళ్ళీ లేచాడు. బంతి గాల్లోకి పోయేదాకా వాణ్ణి వదల్లేదు.

కట్టు మార్పించుకోవడానికి టోబీ పక్కగదికి వచ్చి ఉన్నాడు. లైల్ అతని దగ్గరికి వెళ్ళాడు.

"నేను సైగ చేశానుగా? చూడలేదా?"

"చూశాను కోచ్. చెప్పలేదు."

"ఎందుకురా? నీ పక్కటెముకలు..."

"నావేగా కోచ్ అవి" అన్నాడు టోబీ. "వాడు నన్ను కూడా అడిగాడు. ఆపుతానన్నాడు, నమ్మాను."

లైల్ ఇక అక్కడ నిలబడలేకపోయాడు. నీల్స్ అద్దెకుంటున్న ఇంటికి వెళ్ళేసరికి, అతను వంటింట్లో వాచిన వేళ్ళతో ఫోర్కు పట్టుకోలేక పాన్‌కేకులు చేత్తోనే తింటున్నాడు.

"వీడియో చూశాన్రా" అన్నాడు లైల్. "ఒక్కడివే ఆపావు. నిన్న నేను కర్టిస్‌తో అన్న మాట... నాకు తెలియదురా."

"నీకెలా తెలుస్తుందిలే. నువ్వు బంతిని చూస్తావుగా."

నీల్స్ గొంతులో కోపం లేదు. ఉంటే లైల్‌కి కాస్త ఊపిరాడేది.

"ఒకటడగనా నాన్నా? మళ్ళీ అదే ఆట, అదే ఎత్తు, అంతా నిన్నటిలాగే. ఏమవుతుందో నీకు తెలియదు. కర్టిస్‌ని పంపకుండా ఉంటావా?"

ఉంటానని చెప్పడానికి ఎంతసేపు? నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఆసుపత్రిలో మాట్లాడకుండా కూర్చున్న టోబీ తల్లి మొహం గుర్తొచ్చింది.

"పంపుతాను" అన్నాడు లైల్.

నీల్స్ తలూపాడు. "తెలుసు. అందుకే టోబీని అడిగాను."

లైల్ కుర్చీలో కూలబడి భోరుమన్నాడు. కొడుకు ఎదుట ఏడవడం అదే మొదలు. నీల్స్ లేచి, ప్లేటు సింకులో పెట్టి, చేతులు కడుక్కోవడం మొదలుపెట్టాడు.