ఏప్రిల్‌కి వెళ్లిపోయిన గది

కాజాల మామ్మ పొద్దుటి పనులకి ఒక వరస ఉంది. ముందు పొయ్యి తుడవడం, తర్వాత ముసలాయన కళ్ల కట్టు విప్పి మందు చుక్క వేసి మళ్లీ కట్టడం, ఆ తర్వాతే సూది పట్టడం. టైలరు కుట్టిన చొక్కాలకి బొత్తాలు దూరే కాజాలు ఆమె చేత్తో కుడుతుంది. మిషన్ కాజా అంటే ఆమెకి ఒళ్లు మంట. అది కాజా కాదు, గుడ్డకి పడ్డ చిల్లు అంటుంది.

ముసలాయనకి రెండు కళ్లకీ ఆపరేషన్ అయింది. మందు రెండు పూటలా పడకపోతే చూపు దక్కదని డాక్టరు చెప్పాడు. ఆయన చెప్పినదానికంటే గట్టిగా ఆమె పట్టుకుంది. ముసలాయనని ఆ సీసా ముట్టుకోనిచ్చేదే కాదు.

జనవరి మొదటి వారం అది. టైలరు తొందరపెట్టాడని, మందు వెయ్యకుండానే చొక్కాలు ఇచ్చి రావడానికి దిగింది. వరస తప్పించినందుకు ఆ టైలరుని ఈనాటికీ క్షమించలేదు, అది వేరే సంగతి. తిరిగి మూడో అంతస్తు ఎక్కి చూస్తే ఇంటికి తలుపు లేదు. తలుపుండాల్సిన చోట నున్నటి గోడ ఉంది. చలికాలంలో ఆ గోడ వెచ్చగా ఉంది.

ఎదురింటావిడ చీపురు పట్టుకుని బయటికొచ్చింది. "మీ గదీ తేదీ అయిపోయిందా మామ్మా? పోయినసారి మా తమ్ముడిదీ ఇంతే. కింద ఆఫీసులో అడగండి," అని మళ్లీ ఊడ్చుకోసాగింది.

ఆఫీసు కంప్యూటర్లో గది ఎలా పడితే ఆ కట్టడంలో గది అలా ఉంటుంది. తేదీ పడితే గది ఆ తేదీ వైపు నడిచిపోతుంది, లోపలి మనిషితో సహా. అందరికీ తెలిసిన సంగతే.

మామ్మ గోడకి చెవి ఆనించింది. లోపల ముసలాయన దగ్గు పిచ్చుక కిచకిచలా గబగబా వినపడింది. అంటే లోపల రోజులు పరుగెడుతున్నాయి. మందు వేసే చెయ్యి మాత్రం ఇవతల ఉండిపోయింది.

"ఏమయ్యో! అలమారలో వెతక్కు, కిటికీ గూట్లో చూడు! నల్లమూత సీసా! పొద్దున ఒక చుక్క, రాత్రి ఒక చుక్క! చెయ్యి కడుక్కుని ఏడువు! దగ్గు మందు కంట్లో పోసుకునేవు, ఆ సీసా మూత ఎర్రది! వింటున్నావా, మొండి మనిషీ!"

గొంతు జీరపోయే దాకా గోడని తిట్టింది. చెప్పిందే చెప్పింది. చివరికి, "కిందికెళ్లి వీళ్ల అంతు చూసి వస్తున్నా!" అని మెట్లు దిగింది.

ఆఫీసులో కంప్యూటర్ ముందున్న అమ్మాయి ఆమెని చూడగానే లేచి నిలబడింది.

"నేను సరిగ్గానే కొట్టాను మామ్మగారూ. మూడో అంతస్తు నాలుగో గది, మూడు, అడ్డగీత, నాలుగు. అంతే. అది నాలుగో నెల మూడో తేదీ అనుకుని, ఏప్రిల్ మూడు అని మార్చేసుకుంది."

"అది మార్చుకుంటే నువ్వు చూడవా?"

"ఎంటర్ కొట్టగానే కింది గడిలోది కొడతాం కదండీ."

"కాజా కుట్టి దారం తెంపే ముందు వెనక్కి తిప్పి చూస్తాను నేను. అయినా ఆ పెట్టె ఎవరమ్మాయ్ నా ఇంటిని తేదీ అనుకోవడానికి? మనం చెప్పింది రాయాలి, మన మనసులో ఏముందో దానికెందుకు?"

అమ్మాయి ఆ గడిలో ఉన్నది చెరిపి మళ్లీ కొట్టింది. మళ్లీ ఏప్రిల్ మూడే. లోపలి గదిలోంచి సూపర్‌వైజరు టీ గ్లాసుతో వచ్చాడు.

"ఏంటమ్మా ఈ గోల? సిస్టమ్‌లో ఏప్రిల్ అని ఉంటే ఏప్రిల్‌లో రండి. ఎంతలో వస్తుంది."

"నీ ఇల్లు పెట్టు ఏప్రిల్‌లో! నువ్వు మెట్ల మీద పడుకో, నేను వచ్చి టీ తాగుతూ చెప్తాను, ఎంతలో వస్తుందని!"

ఆయన గ్లాసు పట్టుకుని వచ్చిన దారినే వెళ్లిపోయాడు.

"ఉండండి, దీన్ని టెక్స్ట్, అంటే ఉత్త అక్షరాలు, చేస్తాను. అప్పుడు ఏమీ ఊహించదు," అంటూ అమ్మాయి ఏదో నొక్కింది. ఏప్రిల్ పోయి గడిలో నలభై ఆరు వేల చిల్లర అంకె పడింది. కట్టడం మొత్తం ఒక్కసారి మూలిగింది. పైనుంచి ఎదురింటావిడ కేకేసింది: "మామ్మా! తాతగారి దగ్గు డాబా పైనుంచి వినపడుతోంది! ఇంకా పైకి పోతోంది!"

మామ్మ బల్ల మీద చరిచింది. కీబోర్డు ఎగిరి పడింది. "పెళ్లయిన నాటి నుంచి ఎక్కడికీ ఒక్కడూ వెళ్లని మనిషే! నలభై ఆరు వేల అంతస్తుల పైన కూర్చోబెట్టావే!"

"అయ్యో, తేదీల్ని అది లోపల అంకెలుగా దాచుకుంటుందండీ, అదే బయటపడింది." అమ్మాయి కళ్లలో నీళ్లు తిరిగాయి, చేతులు మాత్రం ఆగలేదు. "తేదీ పడ్డాక టెక్స్ట్ అంటే లాభం లేదు. ఇప్పుడు గడి టెక్స్ట్ అయింది కాబట్టి, మళ్లీ మొదటి నుంచి కొట్టాలి. మూడు... అడ్డగీత... నాలుగు."

"నొక్కకు! ముందు చూడు."

అమ్మాయి చూసింది. ఎంటర్ నొక్కి, కిందికి పోకుండా మళ్లీ చూసింది. మూడు, అడ్డగీత, నాలుగు. కొట్టింది కొట్టినట్టు ఉంది.

"ఇది పొద్దున్నే చెయ్యడానికి నీకేం రోగం?"

"తెలీదండీ. ఎవరూ చెప్పలేదు."

మామ్మకి ఇంకా కోపం వచ్చింది. ఆ కోపంతోనే మూడు అంతస్తులూ ఎక్కింది.

తలుపు ఉంది. ఆమె కొట్టకముందే తెరుచుకుంది. ముసలాయన గుమ్మంలో నిలబడ్డాడు. గడ్డం గుబురుగా పెరిగింది. కళ్లకి కట్టు లేదు.

"వచ్చావా," అన్నాడు, ఆమెనే చూస్తూ.

"మందు?"

"వేసుకున్నాను. గూట్లోది. నల్లమూతది. కట్టు విప్పితే నలుపూ ఎరుపూ మాత్రం తెలిసేవి."

"వినపడిందా?"

"రోజుకో మాట వినపడేది. సాగి సాగి వచ్చేది నీ గొంతు. 'నల్లమూత' వచ్చే దాకా సీసా ముట్టుకుంటే ఒట్టు. ఆ తర్వాత పూట తప్పలేదు. పొద్దున్నే గోడ దగ్గర కూర్చుని, ఇవాళ ఏ తిట్టు వస్తుందా అని చూసేవాణ్ణి. 'వస్తున్నా' అన్నావు, ఇంక మాటే లేదు. అప్పుడేసింది భయం."

వెనకే మెట్లెక్కి వచ్చిన సూపర్‌వైజరు తొంగి చూశాడు. "చూపు బాగా వచ్చినట్టుందే! మంచిదేగా అమ్మా. ఇంకెందుకు కోపం?"

"మంచిదా! మూడు నెలలు నా మొగుణ్ణి గోడలో పెట్టి, మంచిదంటావా? ఆయన ఒక్కడూ వండుకుని, ఒక్కడూ కట్టు విప్పుకుని, మొదట చూసింది నా మొహం కాదు, సున్నం గోడ! నన్నొక మాట అడిగారా?"

సూపర్‌వైజరు గబగబా దిగిపోయాడు. ఆమె మెట్ల వైపు వంగి తిడుతూనే ఉంది: పెట్టెని, ఆఫీసుని, టైలరుని. మధ్యలో ఒకసారి ఆగింది.

ముసలాయన ఆమె కోసం లోపల్నుంచి కుర్చీ తెచ్చి గుమ్మంలో వేశాడు. తను ఎదురుగా గడప మీద కూర్చున్నాడు, ఆమె మొహం బాగా కనపడేలా.

"కూర్చుని తిట్టు," అన్నాడు. "ఆపకు. ఇప్పుడు మాట వెంటే మాట వస్తోంది."