మరిచిపోయిన తాళం

పెద్దమ్మ తడిగుడ్డ పిండి చర్చి వరండా తుడుస్తోంది. మోకాళ్ళు మొరాయిస్తున్నా చెయ్యి మాత్రం ఆగదు. రాత్రి అక్కడ తలదాచుకున్నవాళ్ళు అట్టముక్కలు మడిచి గోడవార పెట్టి కూలిపనులకు వెళ్ళిపోయారు. ఒక చంటిబిడ్డ తల్లి మాత్రం మిగిలింది.

"లేవకమ్మా, బిడ్డ నిద్రపోతోంది. నీ చుట్టూ తుడుచుకుంటాలే," అంది పెద్దమ్మ.

ముప్పయ్యేళ్ళుగా ఈ చర్చిని కడుగుతున్నది ఆవిడే. ఆదివారం పాటల నంబర్లు చెక్కబోర్డు మీద అమర్చేదీ ఆవిడే. ఏ పాట ఎన్నోదో పుస్తకం చూడకుండా చెబుతుంది. అయినా సంఘంలో అందరికీ ఆవిడ మతిమరుపు పెద్దమ్మే. ఆర్నెల్ల కిందట సంఘపెద్ద కొత్త తాళం తెచ్చి, సాయంత్రం వెళ్ళేటప్పుడు గేటుకు వెయ్యమన్నాడు. ఎప్పుడడిగినా ఒకటే జవాబు: "అయ్యో, మరిచేపోయా నాయనా!" ఒక్కరోజు కూడా తప్పకుండా మరిచిపోవడం ఆవిడకే చెల్లింది.

ఆ పూట సంఘపెద్దే వచ్చాడు. చెడ్డవాడేం కాదు, చలికాలంలో దుప్పట్లు పంచిన మనిషే. మందిరం పరువు పోతోందని ఆయన బాధ.

"ఇవాళ కూడా మరిచిపోతే ఈ పని ఇంకొకరికి అప్పజెప్పాల్సొస్తుంది పెద్దమ్మా. ఇది దేవుడి ఇల్లు, సత్రం కాదు."

"ఇల్లు ఆయనదే కదా నాయనా. వచ్చినవాళ్ళని పొమ్మని ఇంటాయన అనాలిగానీ, గచ్చు తుడిచేదాన్ని నేనెవర్ని?"

ఆయనకు నవ్వూ వచ్చింది, కోపమూ వచ్చింది. "సాయంత్రం వచ్చి చూస్తా," అని వెళ్ళిపోయాడు.

పెద్దమ్మకు భయం వేసింది. ఈ పని పోతే ఈ వయసులో ఇంకెవరూ పెట్టుకోరు. తాళం పడితే ఆ పసిగుడ్డు వానలో తడుస్తుంది. ఆలోచిస్తూనే బల్లలన్నీ తుడిచింది, మర్నాటి పాటల నంబర్లు అమర్చింది. ఆయాసం తీరాక లేద్దామని చివరి బల్ల మీద కూర్చుంది. మళ్ళీ లేవలేదు.

సాయంత్రం సంఘపెద్ద వచ్చేసరికి చంటిబిడ్డ తల్లి ఆవిడ పాదాలు పట్టుకుని ఏడుస్తోంది. మీద కప్పడానికి ఏదైనా దొరుకుతుందేమోనని చీపుళ్ళ గదిలోకి వెళ్ళాడు. పెద్దమ్మ ఇంటికెళ్ళేటప్పుడు రోజూ కప్పుకునే శాలువా మేకుకు వేలాడుతోంది. అదే మేకుకు, శాలువా మీదుగా, తను తెచ్చిచ్చిన తాళం. దాన్ని పక్కకు తియ్యకుండా శాలువా చేతికి రాదు. ఆయన తాళం తీసి, శాలువా అందుకుని, తాళాన్ని మళ్ళీ మేకుకే తగిలించాడు.

శాలువా తెచ్చి కప్పేసరికి బయట వాన మొదలైంది. పనుల నుంచి వచ్చినవాళ్ళు ఆయన్ని చూసి గేటు బయటే ఆగిపోయారు.

"తాళం వేస్తారా అయ్యా?" అని అడిగింది చంటిబిడ్డ తల్లి.

"తెద్దామనుకున్నా... మరిచేపోయానమ్మా. వాళ్ళని లోపలికి రమ్మను."

చీపుళ్ళ గదిలో మేకుకు తాళం ఒక్కటే మిగిలింది, కొన్ననాటి ధర చీటీ కూడా తియ్యకుండా.