ముందు కాస్త జిగురు

"జల్లెడ పట్టడానికి ఇంత చదువెందుకే?" అంది అత్తగారు, నేను గిన్నెలు తోముతుంటే. ల్యాబులో నా పనేమిటో ఆవిడకు అర్థం కావాలని జల్లెడ మాట నేనే వాడాను. రెండు వాయువులు కలిసి వస్తే ఒకదాన్ని పోనిచ్చి రెండోదాన్ని ఆపే పల్చటి ప్లాస్టిక్ పొర, దాని నిండా కంటికి కనపడని కన్నాలున్న నానో పొడి. మా ఆయన పేపరు దించకుండానే "జల్లెడ మనింట్లోనూ ఉందమ్మా, దాన్నే ఇది సరిగ్గా కడగదు" అన్నాడు. తల్లీకొడుకులు నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు కూడా ఇంటిచాకిరీయే. దానికీ జీతం లేదు.

పొర నిలిస్తే ఉద్యోగం పర్మినెంట్ చేస్తానని సార్ మాటిచ్చాడు. ఏళ్ళ తరబడి నిలవలేదు. పొడికీ ప్లాస్టిక్కుకీ పొత్తు కుదరదు. గింజ చుట్టూ సందు మిగిలిందా, రెండు వాయువులూ అందులోంచే జారిపోతాయి. అందుకని కరిగించిన ప్లాస్టిక్ జిగురు ముందు కాస్తే పోసి, గింజ గింజకీ పట్టేదాకా పూటంతా తిప్పి, ఆ తర్వాతే మిగతాది పోసేదాన్ని. సార్ నలుగురిలో నవ్వాడు. "ఏంటమ్మా ఈ చాదస్తం, పిండికి నూనె పట్టించినట్టు? అంతా ఒకేసారి పొయ్యి. పద్ధతిలోంచి ఆ మెట్టు తీసెయ్." కాగితం మీద తీసేశాను. నా చేతిలోంచి మాత్రం తియ్యలేదు.

నిన్న పొర ఆరుతున్నంతసేపూ ఫోను మోగుతూనే ఉంది, మా ఆయన. "అమ్మకి కాఫీ ఎవరు పెడతారు?" కదల్లేదు. పరీక్షలో ఒక వాయువు సాఫీగా దాటింది, రెండోది ఆగిపోయింది. ఇన్నాళ్ళకి నిలిచింది.

ఇవాళ సార్ పిలిచాడు. "భలే వచ్చిందమ్మా! ఇక పెద్ద ఎత్తున చెయ్యాలి. ఆ పోస్టు మన కళ్ళజోడుకిస్తున్నా, అతనికి ఇంటి గోల లేదు. నీకా ఫోన్లు ఆగవాయె. వెళ్ళేలోపు పని నేర్పించు."

"వెళ్ళడమేంటి సార్?"

"ఈ నెలతో నీ కాంట్రాక్టు అయిపోతుందిగా. ఇంట్లోవాళ్ళూ సంతోషిస్తారు."

నిజమే, సంతోషిస్తారు. "పోన్లే, అమ్మకి తోడుంటావు" అంటాడు మా ఆయన. చెప్పకముందే వినపడుతోంది.

కళ్ళజోడంటే ల్యాబులో నా పక్క బల్ల కుర్రాడు, మంచివాడే. నాకు ఒళ్ళు మండేదీ అందుకే, తిట్టుకోడానికి కూడా వీల్లేదు. "అక్కా, నీ చేతి మహిమేంటో చెప్పవా?" అన్నాడు, పొడి సీసా పట్టుకుని.

మాట నాలుక చివరిదాకా వచ్చింది. చెప్తే ఇతని పొర నిలుస్తుంది, నేను వంటింట్లో ఉంటాను. చెప్పకపోతే ఇతని పొర కారుతుంది, నేను వంటింట్లోనే ఉంటాను. ఎప్పుడో ఎవడో మళ్ళీ కనిపెడతాడు, దానికి వాడి పేరు పెడతారు. నాకు ఒరిగేదేమీ లేదు, ఎటు తిప్పినా.

"మహిమేం లేదు తమ్ముడూ. ముందు పొడి వెయ్యి. బాగా తిప్పు. ఆ, ఇప్పుడు జిగురు."

"ఎంతక్కా?"

"అంతా ఒకేసారి పొయ్యి," అన్నాను. "సార్ చెప్పిన పద్ధతే."