చెవికి ఆనని ఫోను

నేను ఒక స్మార్ట్‌ఫోన్‌ని. ఆ మాట అనగానే నన్ను చెవికి అదుముకుని "హలో, వినబడుతోందా" అని వీధి అదిరేలా అరిచే మనిషి మీ కళ్ల ముందు మెదిలితే అది నా తప్పు కాదు. మా జాతి మొత్తం బతుకు అదే. నా సంగతి మాత్రం వేరు. కొన్న రోజు నుంచి విడిచిపెట్టిన రోజు దాకా నా యజమానురాలు నన్ను ఒక్కసారి కూడా చెవికి ఆనించలేదు. ఆమెకు పుట్టుచెవుడు. నా దగ్గర ఆమెకు కావలసినవి రెండే: నా అద్దం, నా వైఫై. అవి చెడితే ఆమె నోటికి గుడ్డ కట్టినట్టే. ఒక దసరాకి ఆ రెండూ కూడబలుక్కున్నట్టు ఒకేసారి చెడ్డాయి. అది కూడా ఆమె పెళ్లి మాట తేలవలసిన పూట.

ఎక్కడో ఒక పెద్ద షెడ్డులో, తెల్ల టోపీలు పెట్టుకున్న ఆడపిల్లల చేతుల మీదుగా పుట్టాను. నా అద్దం అతికించిన అమ్మాయి ముఖం నాకు గుర్తు లేదు, వేళ్లు గుర్తున్నాయి. తరవాత అట్టపెట్టెలో పడుకుని లారీలెక్కి దిగి నరసాపురంలో ఒక సెల్‌ఫోన్ల కొట్టుకు చేరాను. అక్కడికి ఆటో తోలుకునే గంగరాజు గారు వచ్చి, ఉన్న ఫోన్లన్నీ తిరగేసి, "స్పీకరు బాగా గట్టిగా ఉండేది ఇవ్వండి" అన్నారు.

"ఎవరికండి?" అన్నాడు కొట్టాయన.

"మా అమ్మాయికండి. దానికి చెవులు వినబడవు."

కొట్టాయన తెల్లమొహం వేశాడు. గంగరాజు గారు ఓపిగ్గా వివరించారు. "దానికి వినబడకపోతేనేంటండి, మా వీధిలో వాళ్లకి వినబడాలి కదా, మా అమ్మాయికి ఫోనొచ్చిందని!"

ఆ క్షణమే ఆ మనిషి నాకు నచ్చేశాడు. నా అద్దం మీద ఇంకో అద్దం తనే దగ్గరుండి అతికించి, దాని కింద ఒక బుడగ మిగిలిపోతే ఇంటికెళ్లేదాకా బొటనవేలితో దాన్ని తోస్తూనే ఉన్నారు.

అమ్మాయి పేరు వీరవేణి. లేసు అల్లుతుంది. కొక్కెం సూదీ తెల్లదారమూ చేతిలో పడితే ఆమె వేళ్లు పువ్వుల్నీ ఆకుల్నీ తోడేస్తుంటాయి. అయితే నేను ఆ వేళ్లని నిజంగా చూసింది సూది పక్కన పెట్టాక. నన్ను దారపు ఉండకి ఆనించి నిలబెట్టి, కాకినాడ బధిరుల బడిలో తనతో చదువుకున్న రెహానాకి వీడియో కాల్ చేసేది. ఇక చూడండి! చేతులు, కనుబొమలు, భుజాలు, పెదవులు అన్నీ కలిసి మాట్లాడేవి. ఎవరి మీదైనా చాడీ చెప్పాలంటే వీరవేణి ఆ మనిషి నడక ఒక్కటి వేసి చూపిస్తే చాలు, అటువైపు రెహానా పొట్ట పట్టుకుని పడిపోయేది. ఇద్దరూ ఒకేసారి మాట్లాడినా గొడవ లేదు. మిగతా ఫోన్లు రోజంతా మోసే "ఆఁ, ఊఁ, ఇంకేంటి"లతో పోలిస్తే నాకు దక్కింది మహా వైభోగం. నేను ఆ చేతులకి దాసోహమైపోయాను, చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

ఇంతలో తణుకు నుంచి సంబంధం వచ్చింది. అబ్బాయి భానుప్రసాద్. ఫ్లెక్సీలు అచ్చువేసే ప్రెస్‌లో పని. అతనికీ వినబడదు. చూపులకి వచ్చినప్పుడు బుద్ధిమంతుడిలా తలవంచుకుని కూర్చున్నాడు. మాట్లాడిందంతా వాళ్లమ్మ రాఘవమ్మ గారే. వెళ్తూ వెళ్తూ ఆవిడ వీరవేణి తల్లి మంగతాయారు గారిని పక్కకి పిలిచి, "పిల్ల బంగారం వదిన గారూ. ఒక్కటే మాట. నలుగురిలో చేతులు తిప్పొద్దని చెప్పండి. పెదాలు కదిపితే మా వాడు అర్థం చేసుకుంటాడు. చూసేవాళ్లు ఏదోలా చూస్తారు" అంది.

ఆవిడ మెల్లగానే అంది. కానీ పెదాలు చదివే పిల్లకి మెల్లగా అంటేనేం, గట్టిగా అంటేనేం? వీరవేణికి ఒక్క అక్షరం పొల్లుపోలేదు.

అబ్బాయి నచ్చాడు. ఆ మాట నచ్చలేదు. అతనితోనే నేరుగా తేల్చుకుంటానని తండ్రికి చెప్పింది. విజయదశమి ఉదయం భానుప్రసాద్ వీడియో కాల్ చేసేట్టు, ఆ మధ్యాహ్నం లోపు గంగరాజు గారు అవుననో కాదనో చెప్పేట్టు అనుకున్నారు. అవునంటే అటువాళ్లు సాయంత్రానికి పళ్లూ తాంబూలాలూ పట్టుకుని బయల్దేరతారు. కాదంటే వాళ్లకి ఇంకో సంబంధం సిద్ధంగా ఉంది.

దశమికి ముందురోజు ఆయుధపూజ. గంగరాజు గారు తెల్లారకుండానే ఆటో కడిగి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, గుమ్మడికాయ కొట్టారు. తరవాత ఇంట్లో పీట మీద స్పానర్లూ, కూతురి కత్తెరా, కొక్కెం సూదీ పేర్చి, అంతటితో ఆగకుండా నన్ను కూడా తెచ్చి నడిమధ్యన కూర్చోబెట్టారు. "దాని నోరే ఇది. దీనికి చెయ్యకపోతే ఇంకెవరికి చేస్తాం?" అన్నారు. మామిడాకుతో పసుపునీళ్లు చల్లారు. గంధం, కుంకం ముద్ద చేసి నా నెత్తిన, సరిగ్గా ముందు కెమెరా మీద, ఇంత బొట్టు పెట్టారు. దణ్ణం కూడా పెట్టారు. నేను పొంగిపోయాను. అంత గౌరవం జరుగుతుంటే లోపలికి నీళ్లు పోతున్నాయని ఎవరు గమనిస్తారు?

తెల్లారేసరికి నాకు పూనకం వచ్చింది. ఎవరూ తాకకుండానే అద్దం తనను తానే నొక్కుకుంటోంది. క్యాలిక్యులేటర్ తెరుచుకుంది, టార్చిలైటు వెలిగింది. భీమవరంలో ఉన్న మేనమామకి నా అంతట నేనే ఫోన్ చేశాను. ఆయన "హలో, వీరవేణీ! నువ్వేనా మాట్లాడేది?" అని కంగారుగా అరుస్తుంటే మంగతాయారు గారు పరుగెత్తుకొచ్చి నన్ను చేతిలోకి తీసుకుని, "అయ్యో, తడిసిపోయిందే!" అని తన వంతు వైద్యం మొదలుపెట్టారు. తడిసిన ఫోను బియ్యంలో పెడితే బాగుపడుతుందని ఆవిడ ఎక్కడో విన్నారు. పాతిపెట్టినట్టు నన్ను బియ్యం డబ్బాలో దింపి మూత బిగించారు. మందపాటి స్టీలు డబ్బా.

బియ్యం వల్ల నాకు ఒరిగింది ఏమీ లేదు, ఛార్జింగ్ కన్నం నిండా తవుడు తప్ప. ఆ స్టీలు గోడల మధ్యకి మాత్రం లోకంలోని ఏ సిగ్నలూ రాలేదు. తరవాత తెలిసింది, భానుప్రసాద్ కాల్ చేసింది సరిగ్గా ఆ సమయంలోనే. ఒకసారి కాదు, పదేపదే.

వీరవేణి తలస్నానం చేసి వచ్చి నా కోసం వెతికింది. తల్లి డబ్బా చూపించింది. బియ్యంలోంచి నన్ను పైకి తియ్యగానే అందాకా ఎక్కడో ఆగిపోయిన మెసేజ్ వచ్చి పడింది. "చాలాసార్లు చేశాను. కలవలేదు. నీకు ఇష్టం లేకపోతే చెప్పెయ్. పర్వాలేదు."

వీరవేణి ముఖం పాలిపోయింది. ఆమెకు ఇష్టం లేకపోవడమేమిటి? చూపుల రోజు నుంచీ అతని ఫొటో నాలో ఎన్నిసార్లు తెరిచిందో నాకు కదా తెలుసు. జవాబు రాద్దామని నొక్కితే ఒక అక్షరం నొక్కినచోట ఇంకోటి పడుతోంది. తల్లి ఏడుపు మొహం పెట్టింది. తండ్రి "కొట్టుకి తీసుకెళ్తాను" అని చెప్పులేసుకున్నారు. పండగపూట ఏ కొట్టు తీస్తారు?

అప్పుడు ఆమె చేసిన పని చూసి నేను నివ్వెరపోయాను. చిక్కుపడిన దారాన్ని లాగితే ఇంకా బిగుస్తుందని లేసు అల్లేవాళ్లకి ఎవరూ నేర్పక్కర్లేదు. నన్ను పూర్తిగా ఆపేసింది. కిటికీ దగ్గర వెలుతురులో ఏటవాలుగా పట్టుకుని చూసింది. పై అద్దం అంచున, కిందికి పాకిన పసుపుచారిక కనబడింది. అంతే, గోటితో ఆ పై అద్దాన్ని లేపి నెమ్మదిగా ఊడదీసింది. "అయ్యో, నేనేసిందమ్మా!" అని గంగరాజు గారు లబలబలాడారు. ఆమె వినలేదు, చూడనూ లేదు. పాత నూలుగుడ్డతో తడి అద్దింది. నా నెత్తిమీది బొట్టు తుడిచింది. ఛార్జింగ్ కన్నంలో తవుడు తియ్యడానికి చేతికందిన కొక్కెం సూది పట్టుకుని, లోపల గీసుకుపోతుందని ఆలోచించి, పక్కన పెట్టేసి, పొడి బ్రష్షుతో దులిపింది. మళ్లీ వెలిగించేసరికి నా పూనకం దిగిపోయింది. నా అద్దం ఆమె వేలు చెప్పిన మాటే వింది.

హమ్మయ్య అనుకుని అతనికి కాల్ చేసింది. ముఖం కనబడింది, కదిలింది, ముక్కచెక్కలయింది. ఆ ఇంట్లో మొబైల్ డేటా ఎప్పుడూ అంతంతమాత్రమే. మాటలకయితే సర్దుకుంటుంది. చేతులతో మాట్లాడేవాళ్లకి అది ఏం సరిపోతుంది? వేళ్లన్నీ గళ్లుగళ్లుగా విడిపోయి, చెయ్యి ఒకచోట, మోచెయ్యి ఇంకోచోట నిలబడిపోయాయి. కాల్ తెగిపోయింది.

వైఫై చూసింది. లేదు. ఫ్లైట్ మోడ్‌లో పెట్టి తీసింది. లేదు. అయితే నా జాబితాలో ఎదురింటివాళ్ల పేరు కనబడుతోంది, పక్కింటివాళ్లదీ కనబడుతోంది. తమకి వచ్చేది ఒక్కటే కనబడటం లేదు. అంటే తప్పు నాది కాదు! నింద పోయినందుకు నాకెంత హాయిగా ఉందో చెప్పలేను. ఆ వైఫై మేడమీద ఉండే ఇంటి యజమానురాలు విశాలాక్షమ్మ గారిది. వీరవేణి నన్ను పట్టుకుని మెట్లు రెండేసి ఎక్కింది. తల్లి వెనక రొప్పుతూ ఎక్కింది.

పూజగదిలో, అమ్మవారి పటం ముందు, విశాలాక్షమ్మ గారి వీణ, భర్తగారి కళ్లజోడు, కత్తిపీట ఉన్నాయి. వాటి పక్కన పట్టుగుడ్డ మీద వైఫై డబ్బా, రెండు కొమ్ములకీ బంతిపూలు తగిలించుకుని, ప్లగ్గు ఊడి, పరమ ప్రశాంతంగా కూర్చుని ఉంది.

"పూజకి పెట్టినవి సాయంత్రం ఉద్వాసన చెప్పేదాకా ముట్టకూడదు తాయారూ" అన్నారు విశాలాక్షమ్మ గారు. "ఇన్నేళ్లలో ఎప్పుడూ తప్పలేదు."

పెళ్లి సంగతి అని చెప్పాలా, నోరులేని పిల్ల అని బతిమాలాలా? తల్లి తేల్చుకునేలోపు వీరవేణి ముందుకొచ్చింది. డబ్బాని చూపించింది. తన చేతుల్ని చూపించింది. రెండు చేతుల్నీ తాడుతో కట్టేసినట్టు ఒకదానిమీద ఒకటి బిగించి, అలాగే అమ్మవారికి దణ్ణం పెట్టబోయింది. చేతులు విడిపడకపోతే దణ్ణమెలా పెడతారు? అరచేతులు కలవలేదు.

విశాలాక్షమ్మ గారికి సైగలు రావు. అయినా ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. గబగబా అక్షింతలు తీసుకుని, "అమ్మా, తొందరపెడుతున్నానని కోపం తెచ్చుకోకు. పిల్ల మాట్లాడుకోవాలి" అని పటానికి చెప్పి, పట్టుగుడ్డ కొంచెం కదిపి, బంతిపూలతో సహా డబ్బాని తెచ్చి ప్లగ్గు పెట్టారు. ఎర్రదీపం వెలిగింది. ఎంతకీ పచ్చబడదే! ముగ్గురు ఆడవాళ్లు, నేను, ఆ దీపం కేసే చూస్తూ కూర్చున్నాం. పచ్చబడింది.

కాల్ కలిసింది. భానుప్రసాద్ ఇంట్లో లేడు. అతని వెనక ఎర్రబస్సులు, అరటిపళ్ల బండి, మూటలు మోసుకుపోతున్న జనం. ప్రెస్‌కి సెలవు, అక్కడి వైఫై కట్టేశారు, ఇంట్లో సిగ్నలుండదు. అందుకని తణుకు బస్టాండులో ఉచితంగా వచ్చే వైఫై వెతుక్కుంటూ వచ్చాడట. ఇదంతా ఒక్కచేత్తో, ఛాతీ దగ్గర, గుట్టుగా చెప్పాడు. పక్కన ఎవరో ఆగి చూశారు. అతను తల దించుకున్నాడు.

నా గుండె, అదే, నా బ్యాటరీ, జారిపోయింది. అడక్కుండానే జవాబు వచ్చేసింది అనుకున్నాను. వీరవేణి మాత్రం అడిగింది. తొణక్కుండా, ఒక్కొక్క సైగ విడివిడిగా, స్పష్టంగా అడిగింది. "పెళ్లయ్యాక నలుగురిలో నాతో ఇలా మాట్లాడతావా? మాట్లాడవా?"

అతను కాసేపు కదల్లేదు. మళ్లీ నెట్ ఆగిపోయిందేమో అని వీరవేణి నన్ను తట్టింది కూడా. ఆగింది నెట్ కాదు, మనిషి. తరవాత అతను ఫోన్‌ని సోడాబండి మీద నిలబెట్టి రెండడుగులు వెనక్కి వేశాడు. రెండు చేతులూ తీశాడు. బస్టాండు మొత్తానికి కనబడేంత పెద్దగా, భుజాలు విప్పి మాట్లాడటం మొదలుపెట్టాడు.

"అమ్మ భయపడే ఆ నలుగురూ వీళ్లే. చూస్తున్నారుగా? చూడనీ. నిన్న అమ్మతో గొడవపడ్డాను. ఏడ్చింది. తరవాత, అన్నం తిన్నావా అని ఎలా అడగాలో నేర్పమంది. నేర్పాను. తప్పుగా చేసింది. మళ్లీ నేర్పాను."

చూడ్డానికి ఆగిన జనం మధ్య అతని చేతులు ఇక ఆగలేదు. సోడాబండి ఆయన కూడా గోళీ కొట్టడం మానేసి చూస్తున్నాడు. వీరవేణి నవ్వుతూ, ఏడుస్తూ, నన్ను పూజగది గుమ్మానికి ఆనించి, జవాబు చెప్పింది. ఏం చెప్పిందో తల్లికి ఎవరూ వివరించనక్కర్లేకపోయింది. మధ్యాహ్నం కాకముందే గంగరాజు గారు అవునని కబురు చేశారు. నా గొప్ప స్పీకర్లోనే, వీధంతా వినేటట్టు.

ఆ తరవాత ఎన్నో ఏళ్లు తణుకులో వాళ్లింట్లో ఉన్నాను. నా బ్యాటరీ ఉబ్బింది. అద్దానికి మూలన బీట వచ్చింది. ఒకనాడు వీరవేణి కొత్త ఫోను కోసం నన్ను కొట్టుకు తీసుకెళ్లింది. కొట్టు నిండా జనం. కౌంటర్లో కుర్రాడు నాలో ఉన్నదంతా చెరిపేసి, పాతవాటి బుట్టలో వెయ్యడానికి చెయ్యి చాచాడు.

వీరవేణి ఒక్క నిమిషం ఆగమంది. నన్ను కౌంటరు మీద నిలబెట్టి, అటువైపు ఎవరూ లేని నా ఖాళీ అద్దం కేసి చూస్తూ, అందరి మధ్య, రెండు చేతులతో మాట్లాడింది. నువ్వు చాలా మంచిదానివి, వెళ్లిరా, అని. ఇన్నేళ్లూ ఆ చేతుల మాటలన్నీ ఇంకెవరికో చేరవేసినదాన్ని. ఆ ఒక్క మాట నాకే చెప్పింది.