శుక్రవారం చలువ

లక్ష్మణ్ దోహాలో ముప్పై అంతస్తుల అపార్ట్‌మెంటుకు ఏసీలు చూస్తాడు. ఏ ఫ్లాటు ఎప్పుడు చల్లబడాలో అతని ఫోనే నిర్ణయిస్తుంది. అందుకే మార్చిలో సెలవు మీద కరీంనగర్ వచ్చినప్పుడు, ఇంటి ముందుగదిలో ఉన్న ఒకే ఒక్క ఏసీ కోసం గోడకు చిన్న తెల్ల డబ్బా బిగించి, రిమోట్‌ను బీరువాలో పెట్టి తాళం వేశాడు.

"ఇగ మీరు ముట్టేది లేదు. వారం మొత్తం పెట్టేసిన. టైముకు అదే నడుస్తది, టైముకు అదే బంద్ అయితది" అన్నాడు తల్లి కిష్టవ్వతో, భార్య నవతతో.

ఆ డబ్బాను నడిపే ఫోను యాప్‌లో ముందే తయారుచేసిన నమూనాలు రెండున్నాయి. పని రోజంటే తొమ్మిది నుంచి ఆరు దాకా ఇంట్లో ఎవరూ ఉండరు, ఏసీ నడవదు. సెలవు రోజంటే పొద్దంతా ఇరవై నాలుగు డిగ్రీలు. ఏ రోజుకు ఏది అని లక్ష్మణ్ కొత్తగా ఆలోచించలేదు. దోహా ఫ్లాట్ల కోసం చేసిన వారాన్నే తెచ్చి ఇంటికి తగిలించి, విమానం ఎక్కాడు.

ఏప్రిల్‌లో మొదటి ఆదివారం ఏసీ కదల్లేదు. డబ్బా చెడిపోయిందనుకుని అత్తాకోడళ్లు తడిగుడ్డలు మెడకు చుట్టుకుని కూర్చున్నారు. శుక్రవారం పొద్దున తొమ్మిదింటికి మాత్రం ఏసీ తనంతట తానే చప్పుడు చేసుకుంటూ మొదలైంది. సాయంత్రం దాకా ఆగలేదు. శనివారమూ అంతే.

నవత జాకెట్లకు మగ్గం పని చేస్తుంది. ఎండాకాలంలో చేతుల చెమటకు జరీ నల్లబడుతుంది, పట్టు మీద మరకలు పడతాయి. ఆ రెండు రోజులూ చట్రాన్ని ముందుగదిలోకి తెచ్చుకుంది. మూడో శుక్రవారానికి సంగతి అర్థమై, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"అత్తమ్మా, ఆడ సెలవు శుక్రవారం, శనివారం. మీ కొడుకు గా సెలవులే మనకు పెట్టిండు."

"చెప్పకు పిల్లా. చెప్తే సర్దుతడు. ఆదివారం చుట్టాలొచ్చి రూమంత నిండుతరు, నీ చట్రం యాడ పెడ్తవ్?" అంది కిష్టవ్వ.

చిక్కల్లా ఏమిటంటే, శుక్రవారం లక్ష్మణ్‌కీ సెలవే. సరిగ్గా పన్నెండింటికి వీడియో కాల్ చేస్తాడు. పది నిమిషాల ముందే కిష్టవ్వ వంటింట్లోకి వెళ్లి, చెంబులో నీళ్లు నుదుటికి చల్లుకుని తయారుగా ఉండేది. "ఉడ్కపోసి పానం పోతుంది కొడుకా" అంటూ మొదలుపెట్టేది.

మేలో ఒక శుక్రవారం అతను అరగంట ముందే చేశాడు. నవత ఎదుట చట్రం మీద భవ్యశ్రీ అనే పెళ్లికూతురి మీగడరంగు పట్టు జాకెట్ ఉంది. దాన్ని మర్నాడు సాయంత్రానికి ఇవ్వాలి. దాని మీద కుడుతున్న నెమలి మెడ దాకానే వచ్చింది. కిష్టవ్వ ఫోను పట్టుకుని వంటింట్లోకి పరుగెత్తి, నీళ్లు చల్లుకుని, కాల్ ఎత్తింది. ఏసీ చలికి భుజాల మీద కప్పుకున్న రగ్గు తీయడం మరిచిపోయింది.

"అవ్వా, గీ ఎండల రగ్గు కప్పుకున్నవేంది?"

"సలిజరం బిడ్డా."

"మరి మొకానికి సెమటేంది?"

"దిగుతుంది."

లక్ష్మణ్ కంగారుపడ్డాడు. "నవతా, అవ్వను దవాఖానకు తీస్కపో. ఆగు, రూంల వేడి ఎంతుందో చూస్త." యాప్ తెరిచాడు. "ఇరవై నాలుగుంది. తొమ్మిదింటి సంది నడుస్తుంది."

నవత చట్రం దగ్గర్నుంచి లేచి వంటింట్లోకి వచ్చింది. అతను వేళ్ల మీద రోజులు లెక్కపెట్టుకుని గొంతు తగ్గించాడు. "ఈడి వారమే పెట్టినట్టున్న."

లక్ష్మణ్ వెనక మంచం మీద నుంచి, దోహాలో అతని గదిలోనే ఉండే పెద్దపల్లి రాజయ్య తల ఎత్తాడు. "ఏం పెట్టినవ్?"

"ఏం లేదన్నా, నువ్ పండు." లక్ష్మణ్ ఫోనుకు దగ్గరగా జరిగాడు. "ఇప్పుడే మారుస్త. ఆదివారం సెలవు, శుక్రవారం పని రోజు."

నవత అత్త చేతిలోంచి ఫోను తీసుకుని చట్రం ముందు పెట్టింది. "ఇది చూడు. ఇప్పుడు బంద్ పెడితే నా సెమట దీని మీదనే పడ్తది. ఆ పిల్లకు ఏం చెప్పాలె నేను?"

"పని రోజంటే బందే ఉంటది నవతా. అదే దాని పద్ధతి."

"పనికి బయటికి పోయేటోళ్లకు ఆ పద్ధతి. ఇంట్ల కూసోని చేసేటోళ్లకు నీ దాంట్ల ఏముంది?"

లక్ష్మణ్ పైకీ కిందికీ వెతికాడు. "ఏం లేదు."

"అయితే కొత్తది చెయ్యి. నీకు రాదంటే రాజయ్యన్ననడుగుత. లేపు."

"గాయన్నెందుకు నడుమ?" అన్నాడు గబుక్కున. ముప్పై అంతస్తుల గొప్ప రోజూ వింటున్నది రాజయ్యే. "పేరేం పెట్టాలె?"

"మగ్గం."

"ఎన్ని రోజులు?"

"సోమవారం కెల్లి శనివారం దాక."

"ఆదివారం నాకు రాయి" అంది కిష్టవ్వ వెనక నుంచి. "తొమ్మిది కాదు, ఏడింటి సంది."

లక్ష్మణ్ వారానికి ఒక్కసారి దొరికే సెలవు పొద్దున, పరుపు మీద బాసింపట్టు వేసుకుని ఒక్కో రోజూ నింపడం మొదలుపెట్టాడు. నవత కాల్ కట్ చేయలేదు. ఫోన్‌ను దారాల డబ్బాకు ఆనించి సూది అందుకుంది. నెమలి మెడ వంపు తిరిగింది.

"అన్నం తినే టైముల ఓ గంట ఆపాల్నా?" అని ఫోను లోంచి అడిగాడు.

"వద్దు" అంది నవత తల ఎత్తకుండా. "అప్పుడు అత్తమ్మ పండుకుంటది."