ఓరో రోజున పగిలిన గోడ

ఓరో దేవుడు ఊరేగే రోజున ఇలామొ ఊళ్లో ఆడవాళ్లు పొద్దు పొడవక ముందే నీళ్లు తెచ్చుకుని, తలుపులు బిగించుకుని, సూర్యుడు వాలేదాకా లోపలే ఉండిపోతారు. బయట మగవాళ్ల మధ్య ఓరో గొంతు గుమ్మంటూ తిరుగుతుంది. ఆ గొంతు వినవచ్చు గాని కంటితో చూడకూడదు. చూసిన ఆడదాన్ని ఓరో ఎత్తుకుపోతుంది. ఎక్కడికని అడిగిన వాళ్లెవరూ లేరు.

ఆ రోజు మిట్టమధ్యాహ్నం అరికె చీకటి గదిలో చాప మీద కూర్చుని ఉండగా గోడ అవతల ఎవరో మూలిగారు. ఆమె ఊళ్లో సగంమందికి పురుడు పోసిన మంత్రసాని. అది పురిటి మూలుగని వినగానే తెలిసిపోయింది.

అవతలిది, ఈ ఊరు కట్టిన ఇద్దరిలో తమ్ముడి వంశం వాళ్ల ఇల్లు. ఒకప్పుడు ఇటూ అటూ ఒకే లోగిలి. గుర్రపు దండులు ఊళ్లు కొల్లగొట్టిన కాలంలో కొండ గుహల్లో దాక్కున్న అన్నదమ్ములిద్దరు, యుద్ధం సద్దుమణిగాక కిందికి దిగి ఈ ఊరు కట్టారు. కిరీటం ఒకసారి అన్న వంశానికి, ఒకసారి తమ్ముడి వంశానికి అనుకున్నారు. అన్న వంశంలోకి అరికె కాపురానికొచ్చిన కొత్తలో ఆ మాట తప్పింది. కత్తులు లేచాయి. అరికె భర్త ఆ గొడవలోనే పోయాడు. చచ్చినవాళ్లను పూడ్చిపెట్టాక రెండిళ్ల పెద్దలూ నడిమి తలుపును మట్టితో మూసేసి, కోడి నెత్తురు చిలకరించి ఒట్టు పెట్టారు: ఈ గోడ తీసిన చెయ్యి ఏ బిడ్డను పట్టుకున్నా ఆ బిడ్డ బతకదు.

“అరికే! ఉన్నావా?”

గోడకు నోరానించి పిలుస్తున్నది ఒమోలారా. ఆ గొడవ తర్వాత సంతలో ఎదురుపడినా మొహం తిప్పుకునే మనిషి.

“మా కోడలు అబేఫెకి నొప్పులొచ్చాయి. నెలలు నిండనే లేదు. కాలు ముందొస్తోందే!”

“మీ మగాళ్లేరీ?”

“ఎక్కడుంటారు, అంతా ఓరోతోనే ఉన్నారు. ఇంట్లో మేమిద్దరమే.”

“గట్టిగా కేకెయ్యి, ఎవరో ఒకరు వస్తారు.”

“ఓరో మీదికి ఆడదాన్ని గొంతెత్తమంటావా? బాగానే చెప్పావు. కూర్చో తల్లీ, చల్లగా కూర్చో. మీ ఇంటి రాతిగుండెలు మాకు కొత్తా!”

అరికె కదల్లేదు. అబేఫె పొరుగూరి పిల్ల, ఈ పగల సంగతి తెలియకుండా కాపురానికొచ్చింది. మొదటిసారి ఏటి దగ్గర కనిపించినప్పుడు అరికె ఎవరో ఎరక్కుండానే మోకాళ్లూని దండం పెట్టింది. ఇప్పుడు ఆ పిల్లే అవతల, “అత్తా, నేను పోతున్నా” అంటోంది.

అరికె లేచి పెండలం దంచే రోకలి తీసుకుంది. తలుపు ఉండిన చోటును చేత్తో తడిమి ఒక పోటు వేసింది. మట్టి రాలింది. ఇంకో పోటు. పిడికెడు కంత పడేసరికి ఓరో గొంతు వీధి మలుపు తిరిగి, సరిగ్గా ఆమె కిటికీ దగ్గరకొచ్చి ఆగింది.

“ఓరో రోజున దంచుతున్నదెవత్తి?”

అది అజిబాదె గొంతు. ఆమె భర్తకు అన్న, ఓరో పెద్ద. ఒట్టు పెట్టిన నాడు కోడిని కోసిందీ ఆయనే.

“నేనే బావగారూ.”

“ఏం దంచుతున్నావు?”

పెండలమని చెప్పబోయి ఆగింది. “గోడ.”

బయట మగవాళ్లు గుసగుసలాడారు. అంతలో అబేఫె అరిచింది.

“ఎవరిదా అరుపు?”

“అవతలింటి కోడలిది. కాలు ముందొస్తోందట.”

కిటికీ చెక్క సందులోంచి వెలుతురు లోపలికి పడుతోంది. కళ్లు అటు పోతాయేమోనని అరికె గట్టిగా మూసుకుంది.

“ఒట్టు గుర్తుందా?”

“గుర్తులేకపోతే ఇంతలా ఎందుకు వణుకుతాను బావగారూ?”

ఓరో గొంతు మళ్లీ లేచింది, మునుపటికన్నా పెద్దగా. కానీ అక్కణ్నించి కదల్లేదు. ఇంటి ముందే తిరుగుతూ ఉండిపోయింది. అది కాపలాయో, తను బయటికి ఎప్పుడొస్తుందా అని కాచుకున్న చావో ఆమెకు తెలియలేదు. ఆ మోత కింద రోకలి చప్పుడు తనకే వినపడలేదు. కంత పెద్దది చేసి, ఒళ్లు గీసుకుపోతున్నా దూరి అవతల పడింది.

అబేఫె పెదాలు తెల్లబడిపోయాయి. అరికె తన చేతులకు గుడ్డ చుట్టుకుంది.

“అదేంటే?” అంది ఒమోలారా.

“గోడ తీసిన చెయ్యి. బిడ్డకు తగలకూడదు.”

కానీ గుడ్డలో వేళ్లు పట్టు దొరక్క జారిపోయాయి. మళ్లీ జారాయి. అబేఫె ఊపిరి తగ్గిపోతోంది. అరికె పళ్లతో ముడి లాగి గుడ్డ విసిరేసి, దేవుళ్లను తిట్టుకుంటూ వట్టి చేతులతో బిడ్డను పట్టుకుంది. మగబిడ్డ, నీలంగా, చప్పుడు లేకుండా ఉన్నాడు. తలకిందులుగా పట్టి వీపు మీద చరిచింది. ఊహూఁ. ఒట్టు తగిలేసిందనుకుంది. మరోసారి చరిచేసరికి వాడు తుమ్మి, ఏడుపు లంకించుకున్నాడు.

పొద్దు వాలాక మగవాళ్లు వచ్చారు. అజిబాదె కంతలోంచి వంగి చూశాడు. ఆ ఇంట్లోకి ఆయన తొంగిచూడటం గొడవ తర్వాత అదే మొదలు.

“బిడ్డను పట్టుకున్నదెవరు?”

అరికె నోరు తెరవబోయింది. ఈలోగా ఒమోలారా అడ్డొచ్చింది.

“నేనే. ఆవిడకి గోడ పడగొట్టేసరికే ఆయాసం. మూల కూర్చుని చూసింది.”

అరికె చేతులు మోచేతుల దాకా నెత్తుటితో ఉన్నాయి. అజిబాదె వాటిని చూశాడు. ఒమోలారా మొహం చూశాడు. “అలాగా, సరే,” అన్నాడు.

మర్నాడు గోడ దగ్గర పొట్టేలును కోసి శాంతి చేశారు. కంతను పూడ్చాలని కుర్రకారు పట్టుబట్టినా రెండిళ్ల పెద్దలూ ఎటూ తేల్చలేదు. ఒమోలారా దానికి చాప వేలాడదీసింది. ఎనిమిదో రోజు పేరు పెట్టేటప్పుడు అన్న వంశం వాళ్లు కూడా వచ్చి, సఖ్యతకు గుర్తుగా పంచే కోలా కాయ కొరికారు.

పిల్లాడు బతికాడు. బాగానే ఎదిగాడు. అయినా అరికె గుండె కుదుటపడలేదు. వాడికి ఒళ్లు వెచ్చబడితే చాలు, ఆమెకు అన్నం దిగేది కాదు. వాడు చాప తోసుకుని పరిగెత్తుకొచ్చి ఎత్తుకోమని చేతులు చాస్తే, ఆమె తన చేతులు చంకల్లో దాచుకుని వాడి ముందు గొంతుక్కూర్చునేది.

“చేతులు నొప్పిరా నాయనా. వీపెక్కు,” అనేది.