ఐలా కట్టేసిన హీటరు

ఉతికిన బట్టలు తీద్దామని ఐలా నేలమాళిగలోకి దిగింది. మెషీను పక్కన గోడకి ఆనించి ఉన్న కాలిపోయిన ట్యూబ్‌లైట్లలో ఒకటి ఆమె మోచేయి తగిలి, నేల మీద పడి భళ్ళున పగిలింది.

"వాక్యూమ్ పెట్టి లాగెయ్!" అని పైనుంచి రేనో అరిచాడు. కుర్చీలోంచి లేవకుండా సలహా చెప్పడంలో ఆమె మొగుణ్ణి మించినవాడు ఉత్తర మిన్నెసోటా మొత్తంలో లేడు.

కొత్త ట్యూబ్ బిగించడం ఆయన పని. బిగించాక ఊరంతా చెప్పుకుంటాడు. పాతదాన్ని వదిలించడం మాత్రం ఎవరి పనీ కాదు, అంటే ఆమె పనే. ఇలాంటి చెత్త విడిగా తీసుకునే కౌంటీ ఆఫీసు వాళ్ళకి ఇచ్చొద్దాం, ట్రక్కు తియ్యమని ఎన్నిసార్లు అడిగిందో! ఒకసారి జింకల వేటని, ఒకసారి గడ్డకట్టిన చెరువు మీద చేపలు పట్టాలని తప్పించుకునేవాడు. "చెత్తబుట్టలో పారేస్తే పోయేదానికి ఇంత రాద్ధాంతమా?" అనేవాడు. లోపల పాదరసం ఉన్నదాన్ని అలా పారెయ్యడానికి ఆమెకి చేతులు రాలేదు. ఇప్పుడు ఆ గాజుపొడి పక్కగదిలోనే కూతురు మారిత్ వచ్చి దిగబోతోంది, పాకే బిడ్డతో. ఆ పసివాడు నేల మీద ఏది దొరికితే అది నోట్లో పెట్టుకుంటాడు.

వాక్యూమ్ పెడితే పాదరసం ఆవిరి గదంతా చిమ్ముతుంది. హీటరు నడుస్తుంటే ఆ గాలే గొట్టాల్లోంచి ఇల్లంతా తిరుగుతుంది. కిటికీ తెరవాలి, హీటరు కట్టెయ్యాలి. ఐలా జంకింది పాదరసానికి కాదు. హీటరు మీట రేనోది. పెళ్ళయిన కొత్తలోనే అత్తగారు చెప్పింది, "దాని జోలికి మాత్రం పోకమ్మా, మావాడికి నచ్చదు" అని. వణికితే ఇంకో స్వెటర్ వేసుకోమన్నాడు. నెలసరి ఆగే రోజుల్లో ఒళ్ళు కుతకుతలాడి కాస్త తగ్గించమంటే, "మా ఆవిడకి లోపలే పొయ్యి ఉంది" అని చుట్టాల ముందు నవ్వాడు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది, ఆ నవ్వు తలుచుకుంటేనే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

తలుపు మూసి, మెట్లెక్కి, హాల్లో మీట కట్టేసింది.

"ఏం చేస్తున్నావే? జనవరి ఇది!"

"తెలుసు. కోటు వేసుకో."

కింద కిటికీలు తెరిచి, ఆ గాలి కాస్త పోయేదాకా బయటే నిలబడింది. తర్వాత చేతికి తొడుగులు వేసుకుని, గాజుముక్కల్ని అట్టముక్కతో ఎత్తి సీసాలో వేసింది. పొడిని అంటుటేపుతో అద్ది, నేలని తడికాగితంతో తుడిచి, అవి కూడా అందులోనే వేసి మూత బిగించింది. వేళ్ళు కొంకర్లు పోయాయి. మనసు మాత్రం తేలిగ్గా ఉంది.

బొచ్చుటోపీ పెట్టుకుని రేనో గుమ్మంలోకి వచ్చాడు. "ఒక్క లైటుకి ఇంతా? ఊరంతటికీ వేడి పంచుతున్నావా?"

"మారిత్ కడుపుతో ఉన్నప్పుడు దాని కంచంలోంచి చేప తీసేసిందెవరు?"

"నేనే. చేపలో పాదరసం..." అని ఆగిపోయాడు.

"చేపలోది పాదరసం, లైటులోది పన్నీరా?"

రేనో మిగతా ట్యూబ్‌లని తన పాత దుప్పటిలో, పసిబిడ్డని చుట్టినట్టు చుట్టి, సీసాతో సహా షెడ్డులో పెట్టొచ్చాడు. "శనివారం తీసుకుంటారా ఆ కౌంటీ వాళ్ళు?" అని గొణిగాడు.

"వాళ్ళెప్పుడూ తీసుకుంటారు. తీసుకెళ్ళే మనిషే లేడు."

"వెళ్తాలే."

పొద్దు వాలింది. ఐలా కాఫీ పెట్టింది. రేనో చలికి చేతులు రుద్దుకుంటూ హాల్లోకి వెళ్ళాడు. మీట మీదకి వెళ్ళిన చెయ్యి అలాగే ఆగింది.

"ఐలా, ఇప్పుడు వెయ్యొచ్చా?"

ఈ ఇంట్లో ఆ ప్రశ్న ఆమె చెవిన పడటం ఇదే మొదటిసారి.

"ఇంకా కాదు" అంది. రేనో చెయ్యి దించి జేబులో పెట్టుకున్నాడు.